మూడు సీజన్ల సగటు

చాలా ఏళ్ళుగా ఒక సంగతి నా గుండెల మీద కూర్చుని ఉంది. దించడానికి చోటు దొరకలేదు. నా భార్యకు చెప్పలేదు. క్యాంపు గదిలో పక్క మంచాల మీద పదేళ్ళు పడుకున్నవాళ్ళకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేనెవరినీ కొట్టలేదు. ఎవరి సొమ్మూ తినలేదు. ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు. ఈ చివరి మాటను పట్టుకునే ఇన్నాళ్ళూ బతికాను. ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు కదా, మరి నేనేం చేసినట్టు? అని నన్ను నేనే అడుగుతాను. జవాబు నాకు తెలుసు.

మాది నెల్లూరు వైపు. పదో తరగతి తప్పాను. షార్జా దగ్గర సజ్జాలో ఒక పైపుల ఫ్యాక్టరీలో స్టోర్ చూసేవాణ్ణి. ఏ సరుకు ఎన్నాళ్ళకు అయిపోతుందో ముందే చెప్పాలి కాబట్టి సగటులూ శాతాలూ నా అంతట నేనే నేర్చుకున్నాను. మా ముదీర్, అంటే మేనేజరు, మలయాళీ. ఆయనకు వాలీబాల్ అంటే ప్రాణం. ఫ్యాక్టరీకి ఒక టీము పెట్టాడు. ఆటగాళ్ళ వీసా మీద హెల్పర్ అని ఉంటుంది, తెచ్చింది మాత్రం ఆడటానికి. డ్యూటీ తేలికగా వేస్తారు, ఆట బాగుంటే వీసా కొత్తది చేస్తారు, బాగాలేకపోతే టికెట్ కొని పంపేస్తారు. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మేముండే క్యాంపు వెనక మ్యాచ్. వేరే కంపెనీల టీములు పికప్‌లలో వచ్చేవి.

నేనెప్పుడూ ఆడలేదు. వల కొయ్య పక్కన డ్రమ్ము బోర్లించి కూర్చుని, అట్టపెట్టెలు చింపిన ముక్కల మీద గీతలు గీసేవాణ్ణి. రాత్రి కాకముందే వాటిని నోటుబుక్కులోకి ఎక్కించేవాణ్ణి.

ఆ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. అవతలి నుంచి వచ్చిన బంతిని ఒకడు ఆపి పైకి లేపుతాడు. రెండోవాడు దాన్ని వల దగ్గర ఎత్తి అందిస్తాడు. మూడోవాడు ఎగిరి కొడతాడు. ఆ రెండోవాణ్ణి మేము లిఫ్టర్ అంటాం. బంతి ఎవరికి వెళ్ళాలో ఆ అర క్షణంలో తేల్చేది అతనే. వలకు అవతల ముగ్గురు చేతులెత్తడానికి కాచుకుని ఉంటారు. లిఫ్టర్ ఎటు వేస్తాడో పసిగడితే ఇద్దరో ముగ్గురో గోడలా ఎగురుతారు. పసిగట్టలేకపోతే మన కొట్టేవాడి ఎదుట ఒక్కడే మిగులుతాడు. నేను లెక్కపెట్టింది అదే. బంతి తిన్నగా వస్తే ఎవడైనా అందిస్తాడు. వంకరగా వచ్చి, పరిగెత్తి అందుకోవాల్సి వచ్చినప్పుడు కూడా అవతలివాళ్ళను ఒక్కడికి కుదించగలిగితే వాడు లిఫ్టర్. అలాంటి వంకర బంతులు పదింటిలో ఎన్ని? ఈ కొలత నాకెవరూ నేర్పలేదు. చూసి చూసి నేనే కట్టుకున్నాను.

రెండు వేల రెండు చివర్లో మా లిఫ్టర్‌గా దానియేలు వచ్చాడు. పంతొమ్మిదేళ్ళు. గోదావరి లంకల వైపు కుర్రాడు. మొదటి సీజన్‌లో వాడి లెక్క పదికి ఒకటి. బంతి వంకరగా వస్తే భయపడేవాడు, భయపడితే ఎడమకే వేసేవాడు. ముదీర్ టికెట్ కొనేద్దామా అన్నాడు. వద్దన్నాను. వాడి తప్పుల్లో ఒక తప్పు రెండోసారి వచ్చేసరికి కొంచెం మారి ఉండటం గమనించాను. మారకుండా వచ్చే తప్పు వేరు, మారుతూ వచ్చే తప్పు వేరు.

ముదీర్ వాణ్ణి డ్యూటీకి నా స్టోర్లోనే వేశాడు. పగలంతా బోల్టులూ వాషర్లూ లెక్కపెడుతూ శుక్రవారం మ్యాచ్ గురించి మాట్లాడుకునేవాళ్ళం. నేను నోటుబుక్కు తీస్తే వాడు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని గీతల మీద వేలు పెట్టి అడిగేవాడు. నలభై దాటిన నన్ను అంతకు ముందు ఎవరూ ఏదీ అలా అడగలేదు. గదిలో నవ్వేవాళ్ళు. "మీ బాబాయ్ నువ్వు ఎన్నిసార్లు తుమ్మావో కూడా రాసి పెడతాడ్రా, జాగ్రత్త," అనేవాళ్ళు. "రాయనీండి, తగ్గించుకుంటాను," అనేవాడు దానియేలు.

రెండో సీజన్‌లో పదికి మూడు. మూడో సీజన్‌లో పదికి ఐదు. మొదటి ఏడాది భయంతో తప్పు చేశాడు. రెండో ఏడు మరీ ఎక్కువ ప్రయత్నించి తప్పు చేశాడు. మూడో ఏడు తప్పయిందంటే, బంతి ఎక్కడికి వస్తుందో మావాళ్ళకే అర్థం కాకపోవడం వల్ల. ఆ మూడో రకం తప్పు చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా క్యాంపు వెనక ఇసకలో ఏం పెరుగుతోందో ఆ రోజు నాకొక్కడికే తెలుసు.

వాడికి ఆట కాక ఇంకో కోరిక ఉండేది. వాళ్ళమ్మ అబుదాబి పక్కన బనియాస్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పని చేసేది. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు వచ్చేసింది. నెలకొక శుక్రవారం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యేదాకా ఆమెను బయటికి పంపేవాళ్ళు. శుక్రవారం వీడికి మ్యాచ్. ఒకే దేశంలో ఉన్నారు. ఆమెకు సెలవున్న పూట వీడికి లేదు. సీజన్ అయిపోయాక ఎండాకాలంలో ఒకటి రెండుసార్లు బస్సులు మారి వెళ్ళి చూసి వచ్చేవాడు.

రెండు వేల ఐదు ఏప్రిల్‌లో లిఫ్టర్ కోసం వెతుక్కుంటూ ఖాదర్ సార్ వచ్చాడు. హైదరాబాద్ మనిషి. అబుదాబిలో ఒక పెద్ద కంపెనీ టీముకు కోచ్. వాళ్ళ క్యాంపు బనియాస్‌లోనే. వాళ్ళ మ్యాచ్‌లు గురువారం సాయంత్రాలు, శుక్రవారం పూర్తి సెలవు. ఆయన ఒక్క మ్యాచే చూడగలిగాడు. ఆ రోజు మావాళ్ళు అన్ని బంతులూ తిన్నగా ఆపారు, దానియేలుకు పెద్ద పరీక్షే రాలేదు. మా ముదీర్ మంచి మనసుతోనే ఉన్నాడు. వాళ్ళు కావాలంటే వదిలేస్తాను, అభ్యంతరం లేదని కాగితం ఇస్తాను, తల్లి అక్కడే ఉంది కదా అన్నాడు. మిగిలింది నా లెక్క ఒక్కటే. ముదీరే ఆయన్ను నా దగ్గరికి పంపాడు.

స్టోర్ బయట కడక్ చాయ్ తాగుతూ మాట్లాడుకున్నాం.

"ఏం భాయ్, పోరగాని లెక్కలన్ని నీ తాన ఉన్నయంట. మా ఆఫీసోళ్ళకు ఒక్క కాయితం కావాలె. లంబా చౌడా వద్దు, ఒక్క కాయితం."

"ఇస్తా సార్. మూడు సీజన్లూ కలిపి సగటు తీసిస్తా."

"ఎంతొస్తది?"

"వంకర బంతులు పదింటికి ఒక్కణ్ణే మిగిల్చేవి మూడు."

ఆయన మొహం వాడిపోయింది. "మూడా? మా తాన ఉన్నోడు గూడ గన్ని జేస్తడు కదా. నేనింకా జబర్దస్త్ అనుకున్న." చాయ్ గ్లాసు కింద పెట్టి నా కళ్ళల్లోకి చూశాడు. "సచ్ చెప్పు భాయ్. నువ్వు మూడేండ్ల సంది చూస్తున్నవ్. ఇంకా పెరుగుతడా, గింతేనా?"

ఎంతసేపు ఆలోచించాను? లెక్క మనిషిని కదా, ఎన్నోసార్లు ఆ క్షణాన్ని కొలవబోయాను. అసలు ఆలోచించనే లేదేమో. లోపల స్టోర్లో వాడు వాషర్లు డబ్బాలో పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. రేపు నోటుబుక్కు పక్కన ఆ మోకాళ్ళ చోటు ఖాళీగా ఉంటుందని మాత్రం అనిపించింది.

"ఇంతే సార్," అన్నాను. "నికరంగా ఆడతాడు. అంతకంటే ఆశ పెట్టుకోబాకండి."

"ఖలాస్," అన్నాడాయన. నా చేయి పట్టుకుని ఊపాడు. నిజం చెప్పినందుకు శుక్రియా అన్నాడు.

ఒకటి, మూడు, ఐదు. కూడి మూడుతో భాగిస్తే మూడు. చిన్నపిల్లలు కూడా తప్పు పట్టలేని లెక్క. మెట్లెక్కుతున్న మనిషి ఎక్కడున్నాడని అడిగితే, అన్ని మెట్లూ కలిపి మధ్య మెట్టు చూపించాను. సగటు ఏం దాస్తుందో ఆ క్యాంపులో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. తెలిసే వాడుకున్నాను. ఆ నోటిమాట అయితే ఉత్త అబద్ధం.

ఎందుకు? వాడి మీద కోపమా? లేదు. అసూయా? చాలాకాలం అసూయ అయితే బాగుండునని కూడా అనుకున్నాను, దానికో పేరుంటుంది కదా. నాకు శుక్రవారాలు కావాలి. శనివారం పొద్దున "బాబాయ్, లెక్కెంతొచ్చింది?" అని వినాలి. వాడు ఇంకా ఎంత ఎత్తుకు వెళతాడో నేనే చూడాలి, నా ఇసకలోనే చూడాలి. ఇంతే. ఇంత చిన్నదానికి అంత పని చేశాను.

అబుదాబి నుంచి వద్దన్న కబురు వారంలోనే వచ్చింది. ఆ సాయంత్రం దానియేలు స్టోర్‌లోకి వచ్చి అలవాటుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏడవలేదు.

"నాలో ఎక్కడో తగ్గుంటాదండి బాబాయ్. మీకు తెలుత్తాది. సెప్పండి, సరిజేసుకుంటాను."

అప్పుడైనా చెప్పొచ్చు. ఏమీ తగ్గలేదురా, నేనే తగ్గించాను అనొచ్చు. అనలేదు. వాడు ఎదురుచూస్తున్నాడు, నేను ఏదో ఒకటి చెప్పాలి. నోటుబుక్కులో మొదటి సీజన్ పేజీ తీశాను.

"కంగారొస్తే ఇంకా ఎడమకే పోతా ఉండావబ్బాయ్," అన్నాను.

"ఆయ్," అన్నాడు. నమ్మాడు. నా లెక్కను వాడెప్పుడు నమ్మలేదు?

రెండేళ్ళ క్రితమే వదిలించుకున్న తప్పును వాడు మళ్ళీ సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున డ్యూటీకి ముందు గోడకు బంతి వేసి కుడికి, కుడికి అని గొణుక్కునేవాడు. మ్యాచ్‌లో బంతి వంకరగా వస్తే ఇదివరకు చేతులు వాటంతట అవే తేల్చేవి. ఇప్పుడు వాడు ఒక్క రవ్వ ఆలోచించేవాడు. ఆ రవ్వ చాలు, అవతల ఇద్దరు ఎగరడానికి. నాలుగో సీజన్‌లో పదికి నాలుగు. ఐదో సీజన్‌లో రెండున్నర. అవీ లెక్కపెట్టాను. డ్రమ్ము మీద కూర్చుని, పెన్సిలు చెక్కుకుని, నేను చేసిన పనిని నేనే వారం వారం గీతలు గీసి చూసుకున్నాను. ఆపమని ఎందుకు చెప్పలేకపోయాను? చెబితే ఎందుకని అడుగుతాడు.

రెండు వేల ఏడులో వాళ్ళమ్మ పని చేసే ఇల్లు ఆమెను ఇండియా పంపించేసింది. మోకాళ్ళు పట్టేశాయి. దానియేలు ముదీర్‌ను బతిమాలి ఒక శుక్రవారం సెలవు తీసుకున్నాడు. మీరూ రండి బాబాయ్, అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది అన్నాడు. వెళ్ళాను. బనియాస్‌లో దుకాణాల వరస ముందు సిమెంటు గట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. ఆమె డబ్బాలో అన్నం, చేపల పులుసు తెచ్చింది. కొడుకు తింటుంటే వాడి నోటి వంకే చూస్తూ కూర్చుంది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"ఈ ఊరు రాలేదని ఇదైపోయాడండి అన్నయ్యగారూ. నేనే సెప్పాను, మంచిదేలేరా, ఆరి దగ్గరే ఉండు, లెక్కలు సూసి నేర్పే మడిసి ఇక్కడెవరు దొరుకుతారూ అని. మీరు లేపోతే ఈడేమైపోయేవోడో."

నేను తల ఊపాను. ఊపాను, అంతే. ఆమె ఇంకో ముక్క నా అన్నంలో వేసింది. తిన్నాను.

వాళ్ళిద్దరూ ఆ దేశంలో ఒకే కాలంలో దాదాపు ఐదేళ్ళు ఉన్నారు. దానియేలు వెళ్ళొచ్చినవన్నీ నాకు గుర్తే. ఆ రోజుతో కలిపి తొమ్మిది సార్లు కలుసుకున్నారు. నేను ఖాదర్ సార్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే ఆ చివరి రెండేళ్ళలో నెలకొక్క శుక్రవారం. ఇరవై నాలుగు. వాడికి దక్కిన నాలుగూ తీసేస్తే తల్లి వండింది తినే పూటలు ఇరవై. ఇది సగటు కాదు. ఒక్కొక్కటీ విడివిడిగా పోయింది.

మరుసటి ఏడు చివర్లో పనులు తగ్గి టీము తీసేశారు. వీసా మీద రాసి ఉన్న హెల్పర్ పనిని దానియేలు నిజంగానే చేశాడు, యార్డులో పైపులు మోశాడు. తర్వాత ఇంటికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు వాళ్ళ ఊరి బడి పిల్లలకు ఆట నేర్పుతున్నాడట. ఏడాదికి రెండుసార్లు ఫోన్ చేస్తాడు. కిందటిసారి సంతోషంగా చెప్పాడు, ఎడమకి వేయకూడదని పిల్లలకు మొదటి రోజే చెప్పేస్తున్నానండి, నాలాగా పాడవకుండా. మంచిదిరా అన్నాను.

ఆ నోటుబుక్కు పారేశాను. పారేస్తే తగ్గుతుందనుకున్నాను.

మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో వాళ్ళిద్దరినీ అడిగే ధైర్యం ఈ రోజుకీ లేదు, రేపు వస్తుందని మాటివ్వలేను. కాగితం మీద మాత్రం ఒకసారి తిన్నగా రాయాలనిపించింది. దానియేలు ఎదుగుతున్నాడు. ఎంతవరకు ఎదుగుతాడో నాకు కూడా అంతు దొరకలేదు. అది తెలిసే, వాడు నా దగ్గరే ఉండిపోవాలని వాణ్ణి ఆపాను.

చదివారు కదా. ఇప్పటిదాకా ఇది నా ఒక్కడి దగ్గరే ఉంది.