ఎవరికీ దొరకని ఫోన్

నిండు క్లాసులో, తన పరువు తీయడానికి తానే పోలీసులను పిలిపించుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ మహానుభావుణ్ణి నేనే.

పంజాగుట్టలో లక్షణమైన ఉద్యోగం మానేసి, అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో మొబైల్ సెక్యూరిటీ పాఠాలు చెప్పడానికి చేరాను. దీనంతటికీ కారణం నా ఫోన్. అందులో కంపెనీవాళ్లు వేసిన సాఫ్ట్‌వేర్ పీకేసి, మన సంగతులు బయటికి పోనివ్వని ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వేసుకున్నాను. ఆ రోజు నుంచి నా కాళ్లు నేల మీద ఆగితే ఒట్టు! చాయ్ బండి దగ్గర కూడా, "మీ ఫోన్ మీ మాటలన్నీ వింటోందండీ!" అని జనాన్ని హడలగొట్టేవాణ్ణి. లోపలి చిప్పుల్లో ఏం రాసిపెట్టారో వాటి కంపెనీలు ఎవరికీ చూపించవు. ఆ సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు.

అమీర్‌పేట పద్ధతి తెలుసుగా? ముందు ఉచితంగా డెమో క్లాసు. నచ్చితే చేరతారు, లేకపోతే పక్క మెట్లెక్కి ఇంకో డెమోకు పోతారు. మా యజమాని ప్రసాద్ గారిది భీమవరం. డెమోకు ముందు నన్ను పక్కకు పిలిచారు.

"బాబూ, ఈసారి కూడా బ్యాచ్ నిండకపోతే మిమ్మల్ని ఉంచుకోవడం నా వల్ల కాదండి."

"నిండుతుందండీ! నా ఫోన్ చూపిస్తే చాలు, పడిపోతారు."

క్లాసు కిటకిటలాడుతోంది. ఫోన్ పైకెత్తాను. "లొకేషన్ ఆఫ్! దొంగ యాప్ ఒక్కటి లేదు! నేనెక్కడున్నానో ఈ లోకంలో ఎవ్వరికీ తెలియదు!"

ఎలక్ట్రానిక్స్ చదివిన స్రవంతి అనే అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, టవర్‌తోని మాట్లాడే మోడెమ్ ఉంటది గదా? గది వేరే చిప్. దాని కోడ్ మనకు సూపియ్యరు. మరి గదేం చేస్తుందో మనకెట్ల తెలుస్తది?"

జవాబు తెలియనప్పుడు గొంతు పెంచడం నా పద్ధతి. "మోడెమ్‌దేముందమ్మా! ఆటో డ్రైవర్ లాంటిది. మనం ఎక్కడికి పొమ్మంటే అక్కడికే పోతుంది!"

అంతే, క్లాసంతా గొల్లుమంది. వెనక నుంచి ఒకడు, "గసొంటి ఆటో ఏడ దొరుకుతది సార్? జర మాకు సుత చెప్పుండ్రి!" అన్నాడు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఫోన్ పక్క బటన్‌ను టకటకా నొక్కేస్తూ, "ఇదిగో, ఆరింది! చచ్చింది! ఇక ఇది ఉత్త బండరాయి!" అని బల్ల మీద బోర్లా పెట్టాను. ఆ బటన్ అలా వరుసగా నొక్కితే అత్యవసర నంబరుకు కాల్ పోతుందన్న సంగతి, అయ్యా, మర్చేపోయాను.

కాల్ పోయింది. నేను మాత్రం బల్ల గుద్ది మరీ అరుస్తున్నాను. "నేనిక్కడున్నానని ఎవరికీ తెలియదు! పోలీసులు కూడా నన్ను కనిపెట్టలేరు!"

బల్ల మీదున్న ఫోన్ స్పీకర్‌లోంచి ఒక ఆడగొంతు నింపాదిగా పలికింది. "భయపడకుండ్రి సార్. ఎవరన్న బంధించిండ్రా మిమ్మల్ని? మీ ఫోన్ అమీర్‌పేట టవర్ కింద సూపిస్తుంది. పంజాగుట్ట నుంచి మా బండి వస్తుంది."

గబుక్కున ఫోన్ అందుకున్నాను. "అబ్బే, నేను క్షేమమేనండీ! పాఠం చెబుతున్నాను!"

"పక్కన ఎవరన్న కూసోని గట్ల చెప్పిపిస్తుండ్రా సార్?"

"కూర్చున్నారండీ, కానీ వాళ్లు స్టూడెంట్లు!"

ఆవిడ నమ్మలేదు, చివరికి సెంటర్ అడ్రసు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. కాసేపటికి ఇద్దరు కానిస్టేబుళ్లు మెట్లెక్కి వచ్చారు. నన్ను ఎగాదిగా చూసి, "మళ్ల గిట్ల ఉత్తగ పిలువకు భాయ్" అని మందలించి వెళ్లారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం ఊడినట్టే అనుకుని బ్యాగు సర్దుకుంటుంటే, ప్రసాద్ గారు పరుగెత్తుకొచ్చారు.

"బాబూ, బ్యాచ్ నిండిపోయిందండీ!"

చూశారా, క్షణంలో నా ఛాతీ మళ్లీ ఉబ్బింది. "నేను చెప్పలేదూ? క్లాసులు ఎప్పటి నుంచండీ?"

"సోమవారం నుంచండి. కాకపోతే అందరూ ఆ మోడెమ్ సంగతే నేర్చుకుంటామంటున్నారు. అందుకని స్రవంతి గారిని ఒప్పించాను, ఆవిడే చెబుతారు." కాస్త నసిగి, ఎంతో ప్రేమగా నా భుజం తట్టారు. "మీరు కూడా వచ్చి కూర్చోండి బాబూ. మీ దగ్గర ఫీజేం తీసుకుంటాంలెండి!"

కనుక పాఠక మహాశయుల సాక్షిగా శపథం చేస్తున్నాను. చిప్పు లోపల ఏముందో కంపెనీవాళ్లు విప్పి చూపించేదాకా, "నేనెవరికీ దొరకను" అన్న మాట నా నోట రాదు. మరీ నాలుక దురద పెడితే, ముందు ఫోన్ తీసుకెళ్లి పక్కింట్లో ఇచ్చి వచ్చి, అప్పుడంటాను.