పీటల మీద కూర్చోవడానికి కైమై కొండలు దాటాను

నా చెల్లెలు సౌమ్యకు పెళ్లి కుదిరింది. నాయన లేడు కాబట్టి పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాల్సింది నేనూ, నా భార్య స్వాతీ. సంతోషమే, కానీ నేను నేల మీద కూర్చుని ఏళ్లయింది. చదువుకోవడానికి న్యూజిలాండ్ వచ్చి, ఉద్యోగంలో సెటిల్ అయి, హామిల్టన్‌లోని రోటోటూనాలో ఇల్లు కొనుక్కునేలోగా నా జీవితమంతా కుర్చీల్లోనే గడిచిపోయింది. ప్రొద్దుటూరులో ఉన్న చెల్లెలికి వీడియో కాల్‌లో చూపిద్దామని బాసింపట్టు వేసుకోబోతే మోకాళ్లు గాల్లోనే ఉండిపోయాయి, నేను వెనక్కి పడ్డాను. పెళ్లిలో కుర్చీ వేసుకుంటాలే అన్నాను. తను నవ్వలేదు. “నాయన ఉన్నింటే కిందనే కూర్చునేవాడు కదన్నా,” అంది. ఆ తర్వాత నేను మళ్లీ కుర్చీ ఊసెత్తలేదు.

కింద కూర్చోవడం రావాలని యోగా నేర్చుకుందామనుకున్నాను. ఇంటి దగ్గర క్లాసులు లేకపోలేదు. మా ఆఫీసులో సగం మంది వాటికే వెళ్తారు. ఇండియా వాణ్ణి కాబట్టి నాకు యోగా పుట్టుకతోనే వచ్చని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని వాళ్ల కళ్ల ముందే పాడుచేయడం నాకిష్టం లేదు. స్వాతి స్నేహితురాలు ఒకామె కైమై కొండలకు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న టౌరంగాలో నర్సు. ఆమె ఒక దారి చెప్పింది. అక్కడి మౌంట్ మాంగనూయిలో శనివారం ఉదయం తొమ్మిదింటికి, ఒళ్లు వంగనివాళ్ల కోసమే ఒక క్లాసు ఉందట. మొదటిసారి ఉచితం, ఆపైన క్లాసుకు పదిహేను డాలర్లు.

ఆ శనివారం పొద్దున ఆరున్నరకల్లా బయల్దేరాం. స్వాతి డ్రైవ్ చేసింది. ఇరవై తొమ్మిదో నంబరు హైవే మీద కైమై కొండలు ఎక్కుతుంటే పొగమంచులో ముందున్న పాల ట్యాంకరు తప్ప ఏమీ కనపడలేదు. అటువైపు దిగేసరికి ఎండ, కివీ తోటలు, దూరంగా సముద్రం. మామూలుగా గంటన్నర ప్రయాణం, లారీల వెనక పడితే ఇంకాస్త ఎక్కువ. క్లాసుకు టైముంది కదా అని బీచ్ దగ్గర బేకరీలో ఆగి కాఫీ, మఫిన్ అడిగాను. నా చేతిలోని కొత్త మ్యాట్ చూసి, అక్కడున్నావిడ మఫిన్‌ను కవర్లో పెట్టి, కవరు మూతి మడిచి ఇచ్చింది. అది క్లాసు అయ్యాక తినమంది. ముందుకు వంగినప్పుడు నీకే తెలుస్తుంది అని కూడా చెప్పింది.

క్లాసు ఒక పాత చెక్క హాల్లో. టీచరు హెలెన్ నెరిసిన జుట్టుతో, సన్నగా, చాలా నెమ్మదిగా మాట్లాడే మనిషి. నా పక్క మ్యాట్ మీద గ్రాహమ్. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన భారీ మనిషి, మోకాలి ఆపరేషన్ అయ్యాక చేరాడట. యోగా మీ దేశానిదే కదా, నువ్వెందుకు వచ్చావని అడిగాడు. చెల్లెలి పెళ్లి సంగతి చెప్పాను. హెలెన్ కూడా విని, ఎలా కూర్చుంటావో చూపించమంది. సుఖాసనం అంటారట దాన్ని. ఆ పేరులోని సుఖం నాకెక్కడా తగల్లేదు.

రెండు చేతులతో మోకాళ్లను కిందికి అదుముతుంటే ఆవిడ ఆపింది. “వాటితో పోట్లాడొద్దు. నీ నడుముకు కాస్త ఎత్తు కావాలి, అంతే,” అని రెండు దుప్పట్లు మడిచి నా కింద పెట్టింది. నడుము నిటారుగా నిలబడింది. మోకాళ్లు మెల్లగా దిగాయి. నేలను తాకలేదు కానీ, ఊపిరి హాయిగా ఆడింది. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేవబోతే మాత్రం రెండు కాళ్లూ తిమ్మిరెక్కాయి. గ్రాహమ్ చెయ్యి అందించాడు. ఆయన మోకాలు, నా కాళ్లు కలిసి ఇద్దరం పక్కనున్న గోడకు వాలిపోయాం. హాలంతా నవ్వింది, మేమూ నవ్వాం.

తర్వాత బీచ్ పక్కనే ఉన్న కొండ చుట్టూ దారిలో స్వాతితో నడిచి, ఉప్పునీటి వేడి కొలనులో కాళ్లు సాగదీసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాం. ఇండియాలో మధ్యాహ్నమయ్యే వేళకి చెల్లెలికి ఫోన్ చేసి, పీట మీద దుప్పటి మడిచి వేసుకోవచ్చేమో కనుక్కోమన్నాను. కాసేపటికి తనే తిరిగి చేసింది. పంతులుగారు కూడా అట్లనే కూర్చుంటాడంట అంది.

అప్పటి నుంచి పొద్దున టీ నేల మీద కూర్చునే తాగాను. కుదిరిన శనివారాలు మౌంట్‌కు వెళ్లాం. పోయిన నెల పెళ్లి జరిగింది. కూర్చున్నాను. మధ్యలో చాలాసార్లు కాళ్లు మార్చుకున్నాను, ఎవరూ పట్టించుకోలేదు. సౌమ్య చేతిని పెళ్లికొడుకు చేతిలో పెట్టి స్వాతి పోస్తున్న నీళ్లు చూస్తున్నంతసేపూ నాకు మోకాళ్లున్నాయన్న సంగతే గుర్తులేదు. ఒళ్లు వంచడం అంటే దాన్ని లొంగదీసుకోవడం అనుకునేవాణ్ణి. దానికి ఏం కావాలో అడిగి ఇస్తే చాలా పనులు అదే చేసిపెడుతుందని ఇప్పుడు తెలిసింది. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఒక్క మాట: మొదటి రోజు కాస్త ముందే వెళ్లి, ఎక్కడ నొప్పో, ఏ పని కోసం వచ్చారో టీచరుకు దాచకుండా చెప్పండి.