వదులుకునే లైను

ఇంటర్ అయ్యాక టైపింగ్ పనికని, మావాళ్ళు నేతపనికి వలసొచ్చిన ఊళ్ళోనే, ఉధ్నాలో ఒక వకీలు మేడమ్ దగ్గర చేరాను. నా నోరు ఊరుకోదు కదా, టైప్ చేసే ప్రతి ముక్కకీ "ఇదెందుకు మేడమ్?" అని అడిగేదాన్ని. విసిగి విసిగి చివరికి ఆమే నాకు అగ్రిమెంట్లు రాయడం నేర్పింది. మరమగ్గాల షెడ్ల సేఠ్‌లు సాఫ్ట్‌వేర్ కంపెనీలతో చేసుకునేవే మాకు ఎక్కువగా వచ్చేవి.

"త్వరగా బాగుచేస్తామని రాయకు బేటా, ఎన్ని గంటల్లోనో రాయి. లేకపోతే వాళ్ళ 'త్వరగా' దీపావళికి వస్తుంది" అనేది హిందీలో.

ఇంకో కిటుకు కూడా చెప్పింది. మనకి అక్కర్లేని లైను ఒకటి కావాలనే పెట్టాలి. బేరం బిగుసుకున్నప్పుడు, ప్రాణం పోతున్నట్టు మొహం పెట్టి దాన్ని వదులుకోవాలి. అప్పుడు మనకి నిజంగా కావాల్సింది అవతలివాళ్ళు ఇస్తారు.

కిందటేడు మా బాపు పనిచేసే షెడ్డు సేఠే మా ఆఫీసుకి వచ్చాడు. మగ్గం మగ్గానికీ ఒక చిన్న డబ్బా బిగిస్తారట. మగ్గం ఆగిన ప్రతిసారీ నడిపేవాడి పేరు మీద సేఠ్ ఫోనులో పడుతుందట.

ఆ సాయంత్రం భేస్తాన్‌లో మా గదికి రాగానే బాపుకి చెప్పేశాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"కరెంటు పోతె సుత నా పేరు మీదనేనా?"

"గట్లనే ఉన్నది బాపు."

"ఆళ్ళు ఖరాబు నూలిస్తరు, పోగు తెగుతది. గదీ నాదేనా? ఎక్కువ ఆపినోన్నే ముందుగాల ఎల్లగొడ్తరు బిడ్డా. నాకేమో కండ్లు మసకైతున్నయ్."

"జర ఆగు బాపు. కాయితం రాసేది నేనే గద!"

"అబ్బో, లాయరమ్మ పుట్టింది మా ఇంట్ల" అంది అమ్మ.

మర్నాడే రాశాను. కరెంటు పోయో, నూలు తెగో మగ్గం ఆగితే అది నేతపనివాడి పేరు మీద పడకూడదు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని అలాగే చేసివ్వాలి. మేడమ్ చదివింది, నా వైపు చూసి నవ్వింది. నచ్చిందనుకున్నాను.

బేరం రోజు సేఠ్ వచ్చాడు, కంపెనీ మేనేజరూ వచ్చాడు. డబ్బా చెడిపోతే ఒక్క రోజులో మనిషి రావాలని మేడమ్ పట్టుబట్టింది. మేనేజర్ కుదరదన్నాడు. చాయ్ చల్లారిపోయింది. మేడమ్ పెద్ద నిట్టూర్పు విడిచి, పెన్ను తీసి నా లైను కొట్టేసింది.

"సరే, ఇది వదులుకుంటున్నాం. ఇప్పుడైనా మనిషిని పంపుతారా?"

"మేడమ్, అది వదిలేది కాదు! అది నిజంగా కావాలి!" అనేశాను. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

మేనేజర్ పగలబడి నవ్వాడు. "మీ అసిస్టెంట్ మీకంటే ముదురు మేడమ్! ఏడ్చి బేరం చేసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. పోనీండి, ఒక్క రోజులోనే పంపుతాం."

"షాబాష్ బేటీ!" అన్నాడు సేఠ్. సంతకాలైపోయాయి.

వాళ్ళు వెళ్ళాక మేడమ్ నా భుజం తట్టింది. ఆ షెడ్డులో మా నాన్న పనిచేస్తాడని అప్పుడు చెప్పాను. ఆమె చెయ్యి భుజం మీదే ఉండిపోయింది.

"అందులో సేఠ్‌కి పనికొచ్చేది ఒక్క ముక్క లేదు బేటా. అందుకే వదులుకోవడానికి పెట్టావనుకున్నా."

ఇంటికి వెళ్ళేసరికి బాపు గుమ్మంలోనే ఉన్నాడు.

"రాసినవా?"

"రాసిన బాపు. బేరంల ఇడిచిపెట్టిన్రు."

"నా ముచ్చట ఇడిచిపెట్టి ఏం తెచ్చుకున్నరు?"

"డబ్బ ఖరాబైతె ఒక్క రోజుల మనిషొచ్చి బాగుచేస్తడు."

"డబ్బ నసీబు మంచిగున్నది" అన్నాడు బాపు.

డబ్బాలు బిగించాక బాపు చాయ్‌కి బయటికి రావడం మానేశాడు. కళ్ళు ఇంకా మసకబారాయి. ఒక్క పూట సెలవు పెట్టు, కంటి డాక్టరు దగ్గరికి పోదామని ఎన్నిసార్లు బతిమాలినా ఒకటే మాట.

"గా పూట నా మగ్గాల కాడ ఇంకోన్ని నిలవెడ్తరు బిడ్డా. వాడు నాకన్న తక్కువ ఆపిండని ఫోన్ల పడ్తది."