అంబలి కుండ దగ్గర అప్ప ముక్కు

ఈ ఉదయం అంబలి గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాలేదు. ఎరువులు కుమ్మరించి పండించిన చోళ్ళకి, అదే రాగులకి, వాసనెక్కడిదని ఇల్లదిరేలా కేకలేసి, ఆ కోపంతోనే సగం తాగాను.

నా చిన్నప్పుడు శృంగవరపుకోట పక్క మా పల్లెలో వేసవి అంటే వాసనలే: గడ్డివాములో ముగ్గబెట్టిన పనసపండు, నిప్పుల మీద చిటపటలాడే ఎండు నెత్తళ్ళ చేపలు, తొలి చినుక్కి లేచే మట్టి, వీటన్నిటికంటే ముందు తెల్లవారగానే అంబలి కుండ. ముందురోజు చోడిపిండి కలిపి పులియబెట్టిన ఆ కుండ మూత తీసే అధికారం మా అమ్మకి కూడా లేదు, మా అప్పది, అంటే మా అక్కది. పదేళ్ళ పిల్ల. వంగి ఒక్కసారి గాలి పీల్చి "అయిపోనాది, పొయ్యెక్కించీ" అంటేనే పొయ్యి వెలిగేది. తల అడ్డంగా ఊపిందంటే నాన్నైనా ఖాళీ కడుపుతో నాగలి పట్టాల్సిందే.

"దీన్ని సేసుకున్నోడు సుట్ట కూడా దాసుకోలేడు" అని నవ్వేవాడు నాన్న.

ఆ అప్ప సాలూరు కోడలై, అక్కడే ముసలిదైంది. నాలుగేళ్ళ కిందట చూడబోతే నాకు చెడిపోయిన చేపల పులుసు వడ్డించింది. కంచం తోసేశాను.

"ఏటప్పా ఇది, కంపు కొడతన్నాది! ముక్కు సచ్చిపోనాదా?"

"బాగానే ఉన్నాది. నీకే నోరు పెరిగిపోనాది" అని ఆ పులుసే కలుపుకుని తినేసింది.

ఆమె కొడుకూ కోడలూ చూస్తుండగానే శుచీ శుభ్రం లేదని తిట్టి బస్సెక్కేశాను. మరుసటి ఏడు వెళ్తే నన్ను చూసి "ఎవులు బాబూ?" అంది. ఈ మతిమరుపు జబ్బులో కొందరికి జ్ఞాపకం కంటే ముందు ముక్కే పోతుందని డాక్టరు అప్పుడు చెప్పాడు. చదువుకున్నవాళ్ళెప్పుడూ ఇంతే, తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టేశాక కబురు చెబుతారు. తప్పయిందని చెప్పుకోవడానికి అప్పటికి ఆమెకి ఆ పులుసూ గుర్తులేదు, తమ్ముడూ గుర్తులేడు.

ఇందాక పశువుల పాకలోంచి మా కోడలు పరుగున వచ్చింది.

"అయ్యో మావయ్యా, అది గేదె కుడితిలో పొయ్యడానికి పక్కనెట్టిన మొన్నటి అంబలి! వీధి దాకా కంపు కొడతంటే ఎలాగ తాగేసినారు?"

గిన్నెలోకి చూశాను. అంచు చుట్టూ తెల్లగా బూజు తేలుతోంది. మా మట్టికుండ పోయింది, ఆ పొయ్యి పోయింది, మూత తీసి చెప్పే మనిషీ పోయింది. ఆ పుల్లటి వాసన ఎలా ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. గిన్నె మళ్ళీ ముక్కు దాకా తెచ్చాను. ఏమీ లేదు.

కోడలు నా ముఖంలోకే చూస్తోంది.

"బాగానే ఉన్నాదమ్మా" అని, మిగిలింది కూడా తాగేశాను.