మా ఎదురింటి సైనికురాలు

మా ఎదురింటి అమ్మాయి చనిపోయిందని వాళ్ళ నాన్న ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీస్‌లో ఉన్నాను. అమెరికా సైన్యం శిక్షణలో హెలికాప్టర్ కూలిందట. "చెప్పడానికి ఆర్మీవాళ్ళు ఇద్దరొచ్చారండీ. మా ఆవిడ వాళ్ళని లోపలికి రానివ్వట్లేదు. మీరొకసారి వస్తారా?" అన్నాడాయన.

నేను వెళ్ళేసరికి ఆ ఇద్దరూ ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నారు. చుట్టూ మన తెలుగువాళ్ళ ఇళ్ళ కిటికీల్లో కర్టెన్లు కదిలాయి. ఆ పిల్ల సైన్యంలో ఉందని మాలో అందరికీ తెలుసు. తెలియనట్టు నటించేవాళ్ళం. తల్లి మాత్రం ఎవరడిగినా "జార్జియాలో గవర్నమెంట్ జాబ్" అనేది.

ఆవిడ చేత అలా అనిపించింది మేమే. డాక్టరవుతుందనుకున్న పిల్ల సైన్యంలో ప్రథమ చికిత్స చేసే మెడిక్‌గా చేరిందని తెలిసిన వారం, మా ఊరు ట్రాయ్‌లో, తలా ఒక వంట తెచ్చుకునే మా పాట్‌లక్‌లో అదే కబురు. "చదువు అబ్బలేదేమో," అన్నారొకరు. "రేపు పెళ్ళెట్ల చేస్తరు?" అన్నారింకొకరు. ఎవరూ గొంతు తగ్గించలేదు. ఆవిడ పులిహోర గిన్నె సర్దుకుని ముందే వెళ్ళిపోయింది.

ఒక వినాయక చవితికి ఆ పిల్ల సెలవు మీద ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా పూజ జరిగే హాల్‌కి వచ్చింది, యూనిఫామ్‌లోనే. తల్లి పార్కింగ్‌లోనే ఆపేసి, కార్‌లో బట్టలు మార్చుకోమంది. ఆ పిల్ల చున్నీ సర్దుకుంటూ దిగి, నన్ను చూసి నవ్వింది. "ఇట్స్ ఓకే ఆంటీ. మమ్మీకి హాయి అయితే నాకు హాయి ఉంది." ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల తెలుగు. తప్పులకు సిగ్గుపడేది కాదు, మాట్లాడటం మానేదీ కాదు.

ఆ సాయంత్రమే మా అత్తగారు హాల్ మెట్ల మీద జారిపడ్డారు. అందరం చుట్టూ మూగి తలోమాటా అరుస్తున్నాం. ఆ పిల్ల నేల మీద మోకరిల్లి, ఆవిడ తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. "అమ్మమ్మా, నన్నే చూడు. నేను ఉంది." అంబులెన్స్ వచ్చేదాకా ఆ చేతులు తియ్యలేదు. తర్వాత, అంత నిబ్బరంగా ఎలా ఉన్నావని నేనడిగితే, "ముందు చేతులు పని చెయ్యాలి ఆంటీ. ఏడుపు తర్వాత," అంది. మా అత్తగారు ఇప్పటికీ 'నేను ఉంది' పిల్ల ఎప్పుడొస్తుందని అడుగుతారు. ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఇంత జరిగినా మా మాటలు మారలేదు. మరుసటి వారమే, "అంత ఇష్టముంటే నర్సింగ్ చదవచ్చుగా," అనుకున్నాం.

దహనం మన పద్ధతిలోనే జరిగింది. అస్థికలను సైనికుల శ్మశానానికి తీసుకెళ్ళిన ఉదయం వాన. మా వీధి మలుపు తిరగగానే రోడ్డుకి రెండు వైపులా జనం. చంకలో పసిపిల్లలతో తల్లులు, వీల్‌చెయిర్‌లో నుదుటికి చెయ్యి చేర్చిన ముసలాయన. ఆమెను ఒక్కసారైనా చూడనివాళ్ళు, సైనికురాలికి వీడ్కోలుగా తడుస్తూ నిలబడ్డారు. మేం కార్లలో అద్దాలెత్తుకుని కూర్చున్నాం, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా.

శ్మశానంలో తుపాకులు గాల్లోకి పేలాయి. బూర మోగింది. ఒక అధికారి మోకాలి మీద కూర్చుని, త్రికోణంగా మడిచిన జెండాను తల్లి చేతుల్లో పెట్టాడు. తర్వాత ఆ పిల్లతో పనిచేసిన సార్జెంట్, ఒక నల్లజాతి యువతి, వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీ గురించి రోజూ చెప్పేది మ్యామ్," అంది ఇంగ్లీష్‌లో. "'ఊళ్ళో మావాళ్ళందరికీ మా అమ్మ నా గురించి గొప్పగా చెప్పుకుంటుంది, వాళ్ళకి నేనంటే ఎంతో ప్రేమ' అనేది."

ఆవిడ మెల్లగా మా వైపు తిరిగింది. వెనక నిలబడ్డ మాలో ఒక్కరమూ తలెత్తలేకపోయాం. మేం ఇవ్వని గౌరవాన్ని ఇచ్చామని చెప్పి, సైన్యంలో తనవాళ్ళ ముందు మా పరువు కాపాడింది ఆ పిల్ల.

తిరిగొచ్చేటప్పుడు తల్లి నా కార్‌లో ఎక్కింది. రోడ్డు పక్కన ఇంకా కొందరున్నారు. "ఇక్కడ ఆపండి," అంది. పూర్తిగా ఆపేలోపే తలుపు తీసింది. గొడుగు ఇవ్వబోతే తీసుకోలేదు. జెండాను కోటు లోపల గుండెకి అదుముకుని, అక్కడున్న ఒక ముసలామె దగ్గరికి వెళ్ళింది.

"మై డాటర్," అంది. "షి వాజ్ ఎ సోల్జర్."

ముసలామె కౌగిలించుకుంది. ఆవిడ నెమ్మదిగా విడిపించుకుని పక్కమనిషి దగ్గరికి వెళ్ళి, అదే మాట చెప్పింది. ఆ తర్వాతి మనిషికీ చెప్పింది. చెప్పులు బురదలో కూరుకుపోతుంటే లాక్కుంటూ, ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ, ఆ వరుస చివరిదాకా వానలో నడిచిపోయింది.