మైదానానికి పరదా

ఆదోనిలో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళంటే మా మనవరాలు నమ్మదు. దాన్ననుకోవడం దేనికి, లోకం తనతోనే మొదలైందనుకునే వయసు దానిది. పెద్దవాళ్ళు కూడా నమ్మకపోతే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఆదోనిలోనే పుట్టి పెరిగిన ఒక పెద్దమనిషి ఒక పెళ్ళిలో నా ఎదుటే నవ్వాడు, “ఈ పత్తి ఊర్లో ఆడపిల్లోళ్ళ ఫుట్‌బాలా? యాడ జరిగిందమ్మా అది?” అని. ఆయనకు తెలియకపోవడంలో వింతేమీ లేదు. మొదటి ఏడు తప్ప మా టోర్నమెంటును ఊళ్ళో మగవాళ్ళు చూడలేదు. చూడకుండా మేమే కట్టుదిట్టం చేశాం.

డెబ్బైల చివర నేను గోనెగండ్ల నుంచి వచ్చి ఆదోని ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చేరాను. హాస్టల్లో ఉండేదాన్ని. చేలో వేరుశనగ పీకి, పత్తి తీసి పెరిగిన ఒళ్ళు కాబట్టి ఎంత పరిగెత్తినా ఆయాసం వచ్చేది కాదు. ఆ సంగతి కనిపెట్టింది మా ఆటల మేడమ్. కోస్తా నుంచి వచ్చిన పొట్టి మనిషి. మెడలో మంగళసూత్రం, దాని పక్కనే విజిలు. చిన్నప్పుడు రైల్వే క్వార్టర్ల దగ్గర అన్నలతో కలిసి ఫుట్‌బాల్ ఆడిందట. టెన్నికాయిట్ రింగులు పంచాల్సిన మనిషి ఒకరోజు తోలు బంతి చంకన పెట్టుకొచ్చి, “ఇక నుంచి ఇదే” అంది. ప్రిన్సిపాలు ముక్కున వేలేసుకుంది. మేడమ్ పట్టించుకోలేదు.

ఆ ఏడే టోర్నమెంటు పెట్టింది. బ్యానరు మీద ‘మహిళా కళాశాలల ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్’ అని పెద్ద అక్షరాలతో రాయించింది. వచ్చిన జట్లు రెండు: మాదీ, ఎమ్మిగనూరు వాళ్ళదీ. ఒక్క ఆటతో ఛాంపియన్‌షిప్ అయిపోతుందన్నమాట. నాకు నవ్వొచ్చింది కానీ మేడమ్ ముఖం చూసి మింగేశాను. కప్పు ఆదోనిలో దొరకలేదని బజారుకెళ్ళి ఇత్తడి బిందె తెచ్చింది. ఎమ్మిగనూరు పిల్లలు చాలామంది మగ్గాల ఇళ్ళ వాళ్ళు. ఇంట్లో నేసిన ఎర్ర బట్టతో చొక్కాలు కుట్టించుకొని వచ్చారు. చెమటకు ఆ రంగు దిగి, ఆట అయ్యేసరికి మెడలు, మోచేతులు కుంకుమలో ముంచినట్టున్నాయి. అయినా చిత్తుగా మమ్మల్ని ఓడించారు. మా గోల్‌కీపరు బంతి వస్తే కళ్ళు మూసుకునేది మరి. బిందె ఒళ్ళో పెట్టుకొని వాళ్ళు ఎర్రబస్సు ఎక్కితే కండక్టరు, “పెండ్లికి పోతాండారా అమ్మా?” అని అడిగాడట.

ఓడిపోయినందుకు నాకు పెద్దగా బాధ లేదు. మైదానం చుట్టూ మూగిన మగవాళ్ళ మాటలే గుచ్చుకున్నాయి. పరిగెత్తితే ఒక కూత, పడితే ఒక నవ్వు, పైట సర్దుకుంటే ఇంకో మాట. మర్నాటికి మా జట్టులో సగం మంది మానేశారు. ఇళ్ళల్లో తెలిసిపోయింది. టోర్నమెంటు పుట్టిన ఏడే పోతుందని అందరం అనుకున్నాం, మేడమ్ తప్ప.

ఆమెకు కావలసింది ఒక మంచి గోల్‌కీపరు. ఆ అమ్మాయి నా బెంచీలోనే, నా పక్కనే ఉంది. ఆదోనిలోనే బస్తీలో ఇల్లు, కాలేజీ గేటు దాకా బురఖా. పొడవాటి చేతులు, తక్కువ మాట. ఒకరోజు నేను ఆటపట్టించడానికి డస్టరు విసిరితే, తలెత్తకుండానే ఎడంచేత్తో పట్టుకొని మళ్ళీ రాసుకోవడంలో పడింది. నేను నోరెళ్ళబెట్టాను.

“ఎట్ల పట్టుకున్యావే?”

“మా అబ్బా నేర్పినాడు” అంది.

వాళ్ళ నాన్న ప్రెస్సింగు ఫ్యాక్టరీలో పత్తి బేళ్ళకు గోనె పట్టా చుట్టి, దబ్బనంతో కుట్టేవాడు. చిన్నప్పుడు ఈమె అన్నం క్యారియరు తీసుకొని పోతే, ఆయన బేళ్ళ గుట్ట మీద నుంచి సుతిలి ఉండలు కిందికి విసిరేవాడట. తాడు ఉండ నేలమీద పడితే దుమ్ము అంటి దబ్బనంలో దూరదు. అందుకని పడకుండా పట్టుకోవాలి. ఏ మూల నుంచి వస్తుందో చెప్పకుండా విసిరేవాడు, ఈమె పట్టుకునేది. తండ్రీకూతుళ్ళకు అదొక ఆట. పెద్దమనిషయ్యాక ఫ్యాక్టరీకి పోవడం మానిపించారు, దాంతో ఆ ఆటా ఆగిపోయింది. ఇది చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కనిపించిన దిగులు నాకిప్పటికీ గుర్తుంది.

మేడమ్, నేను వాళ్ళింటికి వెళ్ళాం. ఆయన గడప బయట మంచం వేసి మమ్మల్ని కూర్చోబెట్టి, తాను నిలబడ్డాడు. గోనె పీచు పట్టి గరుకెక్కిన చేతులు. అంతా విని నెమ్మదిగా చెప్పాడు.

“ఆడుకోనీండి మేడమ్, నాకేం అడ్డం లేదు. దాని సేతులు నాకు తెలీవా? అయితే ఒక మాట. మగోళ్ళ కంట పడిందంటే ఆట ఆ దినంతోనే సరి. సదువు గూడా సరి. ఈ బస్తీలో నేను తలెత్తుకొని తిరగల్ల గదా. బురఖా ఏసుకొని అది బంతి పట్టలేదు. ఎట్ల మరి?”

లోపల పరదా వెనక గాజులు కదిలాయి. కూతురు వింటోంది.

మేడమ్ ఆ పరదా వైపు చూసి, “పిల్లకొద్దు భాయ్, మైదానానికే వేద్దాం బురఖా” అంది.

ఆయన ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, మైదానం పొడవెంత, వెడల్పెంత అని అడగడం మొదలుపెట్టాడు.

ఆషాఢంలో ఆదోని పత్తి మార్కెట్టు యార్డు బోడిగా ఉంటుంది. పంట రాదు, మిల్లులు తిరగవు, హమాలీలకు పని ఉండదు. రెండో ఏటి టోర్నమెంటు అక్కడే, అప్పుడే పెట్టాం. ఆయన ఫ్యాక్టరీ యజమానిని అడిగి పాత గోనె పట్టాలు బండి మీద తెచ్చాడు. యార్డు అరుగు మీద కూర్చొని ఒక్కొక్కటే జత చేసి కుట్టాడు. సర్వి కట్టెలు పాతించి, చుట్టూ మనిషి ఎత్తుకు మించి పట్టా బిగించాడు. బేలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి, కుట్టు కుట్టుకూ మధ్య చీమ దూరే సందు లేదు. లోపల నిలబడితే గోనె వాసన, మసక వెలుతురు. ఊరు కనబడేది కాదు. మేమూ ఊరికి కనబడం.

ఆ పరదా చేసిన మేలు మేడమ్ కూడా ఊహించలేదు. మానేసిన పిల్లలంతా తిరిగి వచ్చారు. బస్తీ నుంచి ఇంకో నలుగురు చేరారు. కర్నూలు నుంచి ఒక జట్టు, బళ్ళారి నుంచి కన్నడం మాట్లాడే జట్టు ఒకటి దిగాయి. ఆట రోజున ఆడవాళ్ళు తిరనాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. లోపలికి రాగానే బురఖాలు మడిచి ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు, కొంగులు నడుముకు దోపేవాళ్ళు. బంతి ఎటుపోతే అటు లేచి, “కొట్టవే నా తల్లీ!” అని ఒకామె, “మార్ బేటీ!” అని ఇంకొకామె. ముసలమ్మలు కూడా ఆఫ్‌సైడు గురించి మేడమ్‌తో పోట్లాడారు. రిఫరీ మేడమే. ఆ ఆడవాళ్ళు అంత గొంతుతో అరవగలరని వాళ్ళ ఇళ్ళలో ఎవరికీ తెలిసి ఉండదు. నాకా అరుపులు వింటుంటే ఏడుపొచ్చేంత సంతోషం కలిగేది.

బయట మగవాళ్ళు పరదాకు చెవులు పెట్టి వినేవాళ్ళు. పని లేని హమాలీలు, రిక్షావాళ్ళు, పక్క కాలేజీ కుర్రాళ్ళు. అరుపును బట్టి ఎవరు గోలు కొట్టారో చెప్పుకునేవారు. “దేవరగట్టు కట్టెల కొట్లాట కాడ గూడా ఇంత కేకలు ఇన్లేదప్పా” అని ఒక హమాలీ అనడం లోపలికి వినిపించి మేం పడీ పడీ నవ్వాం. మా కొత్త గోల్‌కీపరు నాన్న మాత్రం ఎవరితోనూ కలవకుండా, కర్ర పట్టుకొని పరదా చుట్టూ కాపలా తిరిగేవాడు.

ఇక ఆమె ఆట. సల్వారు, పొడుగు చేతుల కమీజు, నడుముకు బిగించిన దుపట్టా. బంతిని ఆపడం కాదది, బంతే ఆమె చేతుల్లోకి ఇంటికి వచ్చినట్టు వచ్చేది. నేను ఆమె ముందు బ్యాక్ ఆడేదాన్ని. వెనక ఆమె ఉందన్న ధైర్యం ఒక్కటి చాలు, నేను ఎవరి కాళ్ళకైనా అడ్డం పడేదాన్ని. కర్నూలు వాళ్ళు ఒక్క గోలు కూడా కొట్టలేక ఇంటికి పోయారు. బళ్ళారి వాళ్ళను ఎమ్మిగనూరు పంపించేసింది.

ఫైనల్లో మళ్ళీ ఎమ్మిగనూరే. పడమటి గాలి పొద్దుటి నుంచే రేగింది. గాలి దూరే సందు లేక గోనె పట్టా ఉబ్బుతూ తగ్గుతూ, కట్టెలు కిర్రుమంటున్నాయి. మేం ఒక గోలు ముందున్నాం. ఇంకాసేపట్లో అయిపోతుందనగా, మా జట్టులో ఒకామె చేతికి బంతి తగిలింది. మేడమ్ విజిలేసి పెనాల్టీ ఇచ్చింది. ఎమ్మిగనూరు కెప్టెను బంతి పెట్టుకొని వెనక్కి అడుగులేస్తోంది.

అప్పుడు విరిగాయి కట్టెలు. మా గోలు వెనక తూర్పు వైపు పరదా మొత్తం ఫటఫటమని బయటికి ఒరిగిపోయింది.

ఎండ కళ్ళల్లో కొట్టింది. ఎదురుగా వరసగా మగవాళ్ళు, నోళ్ళు తెరుచుకొని. ప్రేక్షకుల్లో ఆడవాళ్ళు కెవ్వుమని బురఖాలు వెతుక్కుంటున్నారు. గోల్‌కీపరు వీపు వాళ్ళ వైపు పెట్టి, రాయిలా నిలబడిపోయింది. ఇంకేముంది, ఆట సరి, చదువు సరి అనుకున్నాను.

పడిన పట్టా కింద నుంచి వాళ్ళ నాన్న లేచాడు. తలపాగా ఊడిపోయింది. కూతుర్ని పిలవడానికి వస్తాడనుకున్నాను. ఆయన మాకు వీపు తిప్పి, జనం మీద విరుచుకుపడ్డాడు.

“తిరగండ్రా! అందరూ అటు తిరగండి! మీ ఇండ్లల్లో ఆడోళ్ళు లేరా?”

హమాలీలు తిరిగారు. కుర్రాళ్ళు తటపటాయిస్తే భుజాలు పట్టి తానే తిప్పాడు. తర్వాత పట్టా అంచు ఎత్తబోయాడు. తడి కంబళంత బరువు, పైగా గాలి. హమాలీలు చెయ్యి వేశారు. ఎంత ఎత్తినా భుజాల దాకానే వచ్చింది. దాన్నే భుజాల మీద శాలువలా వేసుకొని, మాకు వీపులు పెట్టి, బారుగా గోడలా నిలబడ్డారు. గోలు పోస్టు వెనకే ఆయన.

మేడమ్ విజిలు నోటి దగ్గర పెట్టుకొని ఏం చేయాలో తెలియక చూస్తోంది. ఆయన తల తిప్పకుండానే అన్నాడు.

“కానీండి మేడమ్. ఆడుకో బేటీ.”

విజిలు మోగింది. ఎమ్మిగనూరు కెప్టెను మొహమాటపడే మనిషి కాదు, గట్టిగానే కొట్టింది. ఎడమ వైపు, నేలకు దగ్గరగా. ఆమె దూకింది. దుమ్ము లేచింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ కనపడలేదు.

“ఏమాయ?” అన్నాడు ఆయన, బయటికే చూస్తూ. “ఎవరన్నా సెప్పండప్పా, ఏమాయ?”

దుమ్ములోంచి ఆమె గొంతు వచ్చింది. “దొరికింది అబ్బా.”

అంత మంది ఆడవాళ్ళు ఒక్కసారిగా అరిచారు. ఆ మగవాళ్ళ వరసలోనూ అరుపులు లేచాయి. ఒక్కడు కూడా వెనక్కి తిరగలేదు. ఆయన భుజాలు మాత్రం పట్టా కింద అదిరిపోతున్నాయి. ఆ మనుషులకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ సాయంత్రం ఇత్తడి బిందె చూపించడానికి వాళ్ళింటికి పోయాం. ఆయన బిందె వైపు చూడనే లేదు. “ఏ పక్కకు దూకినావు? ఏ సెయ్యి ముందు పోయింది?” అని కూతుర్ని అడిగాడు. ఆమె ఆ ఇరుకు గదిలో దూకి చూపించింది. “ఇంగోసారి” అన్నాడు. ఆమె మళ్ళీ దూకింది. వాళ్ళమ్మ, “పిల్లకు మోచేతులు పగిలినాయి, ఇంక సాలు” అనేదాకా అడుగుతూనే ఉన్నాడు.

ఎనభైల్లో ఆ టోర్నమెంటు ఇంకొన్నేళ్ళు నడిచింది. తర్వాత మేడమ్ బదిలీ మీద వెళ్ళిపోయింది, యార్డులో షెడ్లు లేచాయి, బిందె చివరిసారి గెలిచిన ఎమ్మిగనూరులోనే ఉండిపోయింది. ఇప్పుడు ఎవరిని అడిగినా నవ్వుతారు. నవ్వనీ.

మరుసటేడు మాత్రం చెప్పాలి. ఆయన మళ్ళీ పట్టాలు తెచ్చి కుట్టాడు. “పోయినేడు బేలు కుట్టినట్ల కుట్టి తప్పు సేసినా. బేలుకు గాలి సొరకూడదు, పరదాకు గాలి పోవల్ల” అని అక్కడక్కడ జానెడు సందులు వదిలాడు. అన్నీ పైన, తలల కంటే ఎత్తులో. ఆట పొద్దున నేను చుట్టూ తిరిగి చూస్తే, రెండు గోలు పోస్టుల వెనకా ఒక్కొక్క సందు మాత్రం కిందికి, మనిషి కంటి ఎత్తులో ఉంది. మరిచిపోయాడనుకొని దబ్బనం తీసుకొని కుట్టబోయాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఉండనీలే. గాలికి” అంది. నా కళ్ళలోకి చూడలేదు.

ఆట మొదలయ్యాక వెనక్కి తిరిగి చూశాను. పరదా సందులన్నింటిలోంచీ వెలుతురు పడుతోంది. ఆమె వెనక ఉన్న సందు ఒక్కటే చీకటిగా ఉంది. సగం ఆట అయ్యాక మేం ఈ గోలు నుంచి ఆ గోలుకు మారాం. కాసేపటికి పాత సందులో వెలుతురు వచ్చింది, కొత్త సందులో పోయింది.