మేం వద్దనుకున్న ప్యానెల్

వెబ్ హోస్టింగ్ వ్యాపారం పెట్టినవాళ్ళు ఎవరైనా ముందు తమ సర్వర్ గురించి గొప్పలు చెప్పుకుంటారు. కస్టమర్ ఆ సర్వర్‌ను జన్మలో చూడడు. అతను చూసేది కంట్రోల్ ప్యానెల్ ఒక్కటే. మెయిల్ అడ్రస్ పెట్టుకోవాలన్నా, ఫొటో ఎక్కించాలన్నా, పాస్‌వర్డ్ మార్చుకోవాలన్నా ఆ పేజీలోకే రావాలి. అది అర్థమైతే మనం మంచివాళ్ళం, అర్థం కాకపోతే మనకు ఫోన్. ఇంత తెలిసి కూడా మేమిద్దరం మా ప్యానెల్‌ను ఎంచుకున్న తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నా మీదే ఒళ్ళు మండుతుంది.

మేమిద్దరం అంటే నేనూ, న్యూజెర్సీ పార్సిప్పనీలో మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే స్నేహితుడూ. నాది గుంటూరు వైపు, అతనిది వరంగల్ వైపు. నాకంటే కొన్నేళ్ళు చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఇద్దరికీ గ్రీన్ కార్డులు వచ్చాక, ఇక జీవితమంతా ఎవడో క్లయింట్ ఆఫీసులో మెడలో బ్యాడ్జి వేసుకుని తిరగడమేనా అని ఇద్దరికీ ఒకేసారి రోషం వచ్చింది. 2006 ప్రాంతంలో, మనవాళ్ళ కిరాణా కొట్లకూ డ్యాన్స్ టీచర్లకూ పురోహితులకూ వెబ్‌సైట్లు నడిపిపెట్టే చిన్న కంపెనీ మొదలుపెట్టాం. ఉద్యోగాలు మాత్రం మానలేదు. రోషం వేరు, ఉద్యోగంతో వచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ వేరు.

అప్పట్లో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు చాలామంది వాడే రెడీమేడ్ ప్యానెల్ ఒకటి ఉండేది. నెలనెలా లైసెన్స్ కట్టాలి. అందులో లేనిది లేదు. తెరవగానే తెర నిండా బొమ్మలే, స్టీలు సామాన్ల కొట్టులో గరిటెలూ గిన్నెలూ వేలాడదీసినట్టు. ఏది నొక్కితే ఏమవుతుందో తెలుసుకోవడానికి నాకే రెండు వారాలు పట్టింది. అయినా అందరూ అదే వాడుతున్నారు కదా, మనమూ అదే అనుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం మా స్నేహితుడు ల్యాప్‌టాప్ పట్టుకుని పైకి వచ్చాడు. "ఊరికెనే రాసిన అన్నా, టైంపాస్‌కి. నవ్వొద్దు మరి" అంటూ తెరిచాడు. ఆ చలికాలమంతా అతను సొంతంగా ఒక ప్యానెల్ రాస్తున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. తెల్లటి పేజీ, పెద్ద తెలుగు అక్షరాలు, నాలుగే నాలుగు పనులు. ఇంకేం లేదు.

ఆ సమయానికి మా ఇంట్లో సంగీతం టీచరు ఆంటీ ఉన్నారు. రిటైరైన డాక్టరుగారి భార్య, ఎప్పుడో డెబ్భైల్లో అమెరికా వచ్చి స్థిరపడ్డవారు, మా తొలి కస్టమర్లలో ఒకరు. మా ఆవిడ ఆమెను బలవంతంగా ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. ఆంటీ కళ్ళజోడు సర్దుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా, తన పేరున ఒక మెయిల్ అడ్రస్ పెట్టుకున్నారు. శిష్యురాళ్ళ ఫొటో ఒకటి ఎక్కించారు. పొరపాటున దాన్నే తీసేయబోతే, తొందరేం లేదన్నట్టు ఆ పేజీయే ఆపి ఒకసారి అడిగింది. తలెత్తి, "ఇంతేనా నాయనా? మిగతాది ఎక్కడుంది?" అన్నారు.

"ఇంతే ఆంటీ" అన్నాడతను. చెవులు ఎర్రబడ్డాయి.

ఆంటీ వెళ్ళాక ఏ ప్యానెల్ పెట్టాలో తేల్చుకుందామని కూర్చున్నాం. నేను నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. "రెడీమేడ్‌దే తీస్కుందాం అన్నా. అప్‌డేట్లు వాళ్ళే ఇస్తరు, సెక్యూరిటీ వాళ్ళే చూస్కుంటరు. నాది రేపు బ్రేక్ అయితే ఫిక్స్ చేసేటోళ్ళు ఎవరు?"

"నీకు అదే బాగుందా?" అన్నాను.

"నీ ఇష్టం అన్నా."

"నాదేముంది, రాసినవాడివి నువ్వు. నీ ఇష్టం."

"లేదన్నా, పెద్దోనివి, నీ ఇష్టం."

నాకు నీదే నచ్చింది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అతని భార్యకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. నేను ఆ మాట అంటే, అన్నా అని పిలుస్తున్నాడు కాబట్టి కాదనలేడు. పగలు ఉద్యోగం, రాత్రి పసిబిడ్డ, మధ్యలో ఈ ప్యానెల్ బాగోగులు. పాపం తప్పించుకోవాలని చూస్తున్నాడు, పెద్దరికం వెలగబెట్టి మెడకు తగిలించడం దేనికి అనుకున్నాను. "సరే, రెడీమేడ్‌దే కానిద్దాం" అన్నాను. "అదే బెటర్ అన్నా" అని అతను ల్యాప్‌టాప్ మూసేశాడు. అతనికేదో ఉపకారం చేసినట్టు నేను ఆ సాయంత్రమంతా సంతోషంగా ఉన్నాను కూడా.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. కిరాణా కొట్టాయన తన మెయిల్ తనకే రాకుండా చేసుకున్నాడు. పురోహితుడుగారు ఏదో నొక్కి, తన సైటు బదులు ఖాళీ తెర తెచ్చుకున్నారు. ఆంటీ అయితే, "నాయనా, ఇందాక ఒక బొమ్మ నొక్కాను, అప్పట్నుంచి నా పేజీ ఇంగ్లీషులో నన్నేదో తిడుతోంది" అనేవారు. నేను విసుక్కునేవాణ్ణి. అతను మాత్రం ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని, లంచ్ మానేసి, ఎడమ పక్కన మూడో బొమ్మ ఆంటీ, కాదు, దాని కిందిది, అని ఓపిగ్గా చెప్పేవాడు. తన ప్యానెల్ ఉంటే ఈ ఫోన్లు వచ్చేవి కావని అతను ఒక్కసారి కూడా అనలేదు. అతను అనలేదు కాబట్టి నేనూ అనలేదు.

కొన్నాళ్ళకు ఆంటీ, "ఏమనుకోకు నాయనా, మా మనవరాలు ఎక్కడో ఫ్రీగా పేజీ చేసిపెట్టింది" అని వెళ్ళిపోయారు. ఒక్కొక్కరే అలా జారుకున్నారు. మిగిలినవాళ్ళను ఒక పెద్ద కంపెనీకి అప్పగించి మేం చేతులు దులుపుకున్నాం. అతను పిల్లల స్కూళ్ళ కోసం టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మారాడు. మా మధ్య ఏ గొడవా జరగలేదు. పండగలకు ఫోన్లు, ఆ తర్వాత మెసేజ్‌లు, అంతే.

2013లో పనిమీద టెక్సస్ వెళ్ళినప్పుడు అతనింటికి భోజనానికి వెళ్ళాను. కొత్త ఇల్లు, వెనక పెరట్లో నీడకు రెండు కుర్చీలు. ఇప్పుడు మేనేజర్ అయ్యాడు. కోడ్ రాసి చాలా ఏళ్ళయిందట, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగులేనట. మాటల్లో పాత కంపెనీ ప్రస్తావన వచ్చింది. పెరటి వైపు చూస్తూ అన్నాడు.

"నీకు చెప్పలేదు గని, ఆ రోజు నువ్వు నా ప్యానెల్ పెడదాం అంటే జాబ్ రిజైన్ చేద్దామనుకున్న అన్నా. మా ఆవిడకు గూడ చెప్పిన. సరే అన్నది."

"మరి నువ్వే కదరా రెడీమేడ్‌దే బెటరన్నావు!"

"నేను రాసింది బాగున్నదని నేనే ఎట్ల చెప్తనన్నా? నువ్వు ఒక్కసారి అంటవేమోనని చూసిన. అనలే. నీకు నచ్చలేదనుకున్న."

మన ఇళ్ళలో పెరిగినవాడు తన పనిని తానే తక్కువ చేసి చెబుతాడు. పక్కవాడు కాదు కాదని బతిమాలాలి. అప్పుడు గానీ ఒప్పుకోడు. అది నాకు తెలియనిది కాదు. నేనూ అలాగే పెరిగాను. ఇన్నేళ్ళు అమెరికాలో ఉండి కూడా ఇద్దరం ఆ మొహమాటాన్ని వదలలేదు, దాన్ని దాటించే బతిమాలడం మాత్రం నేను మర్చిపోయాను.

"నాకు అదే నచ్చింది" అన్నాను, ఏళ్ళు ఆలస్యంగా.

అతను నా వైపు పూర్తిగా తిరిగాడు. "నిజంగనా? ఏం నచ్చిందన్నా?"

"ఎవరైనా ఏదైనా తీసేయబోతే, ‘ఒకసారి ఆలోచించుకోండి, తొందరేం లేదు’ అని అడిగేది. తీసేశాక కూడా కొన్నాళ్ళు దాచి ఉంచేది, మళ్ళీ కావాలంటే ఇవ్వడానికి. అలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు."

అతను నుదురు చిట్లించి చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "అట్ల రాసిన్నా నేను? యాదికి లేదన్నా. ఆ ల్యాప్‌టాప్ గూడ ఎప్పుడో పడేసినం."

"రాశావురా," అన్నాను. "నేను చూశాను."